ఎలక్ట్రిక్ గిటారు ఎంపిక: ముందు చేతికి, తరువాత చెవికి, ఆపైన కంటికి

సరిహద్దు పల్లెలలో గిటారు నేడు వింత వస్తువు కాదు. చర్చి ఆరాధనలలోను, పెళ్లి ఆర్కెస్ట్రాలలోను, కళాశాల వార్షికోత్సవాలలోను దాని నాదం వినిపిస్తూనే ఉంది. సెల్‌ఫోనులో పాఠాలు చూసి నేర్చుకోవచ్చునన్న ధైర్యం పిల్లలకు కలిగింది. పదవ తరగతి ముగియగానే ఎలక్ట్రిక్ గిటారు కొనిపెట్టమని అబ్బాయో అమ్మాయో పట్టుబట్టే ఇళ్లు కోలారు వైపు ఉన్నాయి, హోసూరు వైపు ఉన్నాయి, బరంపురం వైపూ ఉన్నాయి.

ఇబ్బంది ఏమిటంటే, ఇటువంటి ఇళ్లలో చాలావరకు ఆ వాద్యాన్ని ఎరిగిన పెద్దలు ఉండరు. ఎద్దును కొనవలసి వస్తే పళ్లు చూడాలని, పంపుసెట్టు కొనవలసి వస్తే చుట్టిన రాగి చూడాలని తెలిసిన తండ్రికి, గిటారు దగ్గర ఏమి చూడాలో తెలియదు. అంగట్లో మెరిసే రంగు, విన్న పేరు, వర్తకుని మాట, ఈ మూడే నిర్ణయిస్తాయి. ఫలితంగా వేలాది రూపాయల వాద్యం రెండు నెలలకే మూల చేరుతుంది. పిల్లవానికి శ్రద్ధ లేదని ఇంట్లోవారు అనుకుంటారు. చాలాసార్లు అసలు కారణం వేరు: తీగలు మరీ ఎత్తుగా ఉండి వేళ్లు నొచ్చుతుంటాయి, ఎంత సరిచేసినా శ్రుతి నిలవదు. అటువంటి వాద్యంపై ఆరితేరిన విద్వాంసుడైనా తడబడతాడు.

అందుచేత ఎంపికలో ఒక వరుస పాటించాలి. మొదట చేతికి సుఖం, తరువాత చెవికి ఇంపు, ఆపైన కంటికి అందం. ఈ వరుస తప్పకపోతే తక్కువ ఖరీదులోనే మంచి వాద్యం దొరుకుతుంది.

తీగ, అయస్కాంతం, విద్యుత్తు

మామూలు గిటారులో తీగ కంపనం బోలు చెక్కపెట్టెకు చేరి, అక్కడ పెద్దదై వినిపిస్తుంది. ఎలక్ట్రిక్ గిటారు పద్ధతి వేరు. దాని తీగల కింద పికప్ అనే భాగం ఉంటుంది. అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత సన్నని రాగితీగను వేల చుట్లు చుట్టి దీనిని చేస్తారు. పైన ఉక్కు తీగ కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రం కదిలి, రాగి చుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రమే ఇది. పొలంలో డైనమో తిరిగినా ఇదే సూత్రం. ఆ స్వల్ప విద్యుత్తును ఆంప్లిఫయర్ పెద్దది చేసి స్పీకరుకు పంపుతుంది.

ఈ పద్ధతిపై పనిచేసే తొలి గిటారు 1932లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. గుండ్రని ఒంటికి పొడవైన దండి ఉండడం వలన దానికి వేపుడు పెనం అని అర్థం వచ్చే ‘ఫ్రయింగ్ పాన్’ అన్న పేరు పడింది. ఆ తరువాత ఫెండర్ సంస్థ 1951లో టెలికాస్టర్‌కు ఆ పేరు పెట్టింది. 1952లో గిబ్సన్ సంస్థ లెస్‌పాల్‌ను, 1954లో మళ్లీ ఫెండర్ సంస్థ స్ట్రాటోకాస్టర్‌ను తెచ్చాయి. నేడు అంగళ్లలో కనిపించే గిటార్లలో అధికభాగం ఈ మూడింటి రూపురేఖలను అనుసరించినవే.

ఇందులో కొనేవారికి పనికివచ్చే సంగతులు రెండున్నాయి. ఒకటి, ఒంటి చెక్క ఏ జాతిదన్న దానికంటే తీగలు, పికప్, ఆంప్లిఫయర్ ఇవే నాదాన్ని ఎక్కువగా నిర్ణయిస్తాయి. రెండు, ముందు మామూలు గిటారు నేర్చిన తరువాతే ఎలక్ట్రిక్ పట్టాలన్న నియమం ఏదీ లేదు. ఉక్కు తీగల మామూలు గిటారుకు మొదటి తీగ సాధారణంగా 0.012 అంగుళాల మందం ఉంటుంది. ఎలక్ట్రిక్ గిటారుకు 0.009 లేదా 0.010 అంగుళాలే. కనుక కొత్తగా నేర్చేవారి వేళ్లకు ఎలక్ట్రిక్ గిటారే మెత్తన.

భాగాల పేర్లు మనకు కొత్తవి కావు

వీణ ఎరిగినవారికి గిటారు భాగాలు సులభంగా తెలుస్తాయి. ఎడమచేయి నడిచే పొడవైన భాగం దండి. దానిపై అడ్డంగా బిగించిన లోహపు కడ్డీలు మెట్లు. వీణకు మెట్లు 24. ఎలక్ట్రిక్ గిటారుకు 21, 22 లేదా 24 ఉంటాయి. శ్రుతి చేసే మరలు బిరడాలు. ఒంటిమీద తీగలను మోసేది గుర్రం. తమిళులు దీనిని కుదిరై అనీ, కన్నడిగులు కుదురె అనీ అంటారు. మూడు భాషలలోనూ అది గుర్రమే.

చేతికి సుఖం

సుఖాన్ని నిర్ణయించే వాటిలో మొదటిది తీగ నిడివి, అంటే దండి చివరి మేరువు నుండి గుర్రం వరకు ఉన్న దూరం. ఫెండర్ తరహా గిటార్లలో ఇది 25.5 అంగుళాలు, గిబ్సన్ తరహాలో సుమారు 24.75 అంగుళాలు, పొట్టి రకాలలో 24 అంగుళాలు. తేడా ఒక్క అంగుళమే గదా అనిపించవచ్చు. కాని ఒకే తీగను ఒకే శ్రుతికి బిగించినప్పుడు బిగువు నిడివి వర్గాన్ని బట్టి మారుతుంది. 25.5 నుండి 24.75కు వస్తే బిగువు దాదాపు 6 శాతం తగ్గుతుంది; 24కు వస్తే 11 శాతం తగ్గుతుంది. మెట్ల నడుమ దూరం కూడా తగ్గుతుంది. చిన్న చేతులవారికి, పన్నెండు పదమూడేళ్ల పిల్లలకు ఈ పొట్టి నిడివి మేలు. అంతకంటే చిన్నవారికి 22 అంగుళాల ప్రాంతంలో ఉండే మినీ రకాలున్నాయి. అయితే ఎదిగే పిల్లలు వాటిని త్వరలోనే దాటిపోతారన్నది గుర్తుంచుకోవాలి.

రెండవది తీగ మందం. బిగువు మందం వర్గాన్ని బట్టి కూడా మారుతుంది. మొదటి తీగను 0.010 నుండి 0.009 అంగుళాలకు మారిస్తే దాని బిగువు 19 శాతం తగ్గుతుంది. నొప్పి అని వాద్యాన్ని మార్చేముందు తీగలను మార్చి చూడడం వివేకం. కొన్ని వందల రూపాయలతో పోయే బాధ అది.

మూడవది తీగ ఎత్తు. పన్నెండవ మెట్టు మీద తీగకు, మెట్టుకు నడుమ ఖాళీ 1.5 నుండి 2 మిల్లీమీటర్లు ఉంటే వేలికి సుఖం. 3 మిల్లీమీటర్లు దాటితే కొత్తవారికి శిక్షే. బడిపిల్లల స్కేలుతోనే దీనిని కొలవవచ్చు. ఎత్తుగా ఉన్న గిటారును వెంటనే తిరస్కరించనక్కరలేదు. గుర్రం మీది చిన్న మరలతో తగ్గించవచ్చు. తగ్గించిన తరువాత తీగలు మెట్లకు తగిలి గరగరలాడితేనే అది లోపం.

నాలుగవది దండి లావు. అరచేతిలో కొందరికి సన్నని దండి, కొందరికి కాస్త గుండ్రని దండి ఇమడుతుంది. ఇందుకు కొలత లేదు, పట్టి చూడవలసిందే. బొటనవేలు దండి వెనుక నిలిచి, మిగిలిన నాలుగు వేళ్లు మొదటి నాలుగు మెట్ల మీద ఒత్తిడి లేకుండా పరచుకుంటే ఆ దండి సరిపోయినట్లే.

ఐదవది బరువు. లెస్‌పాల్ తరహా గిటార్లు తరచుగా 4 కిలోలు దాటుతాయి. స్ట్రాటోకాస్టర్ తరహావి సుమారు మూడున్నర కిలోలు. పైగా రెండవ రకానికి పక్కటెముకలు తగిలే చోట, ముంజేయి ఆనే చోట చెక్కను వంపుగా చెక్కుతారు. ఆదివారం ఆరాధనలో గంటసేపు, పెళ్లిలో నాలుగు గంటలు నిలబడి వాయించేవారి భుజానికి ఈ అరకిలో తేడా తెలుస్తుంది. కూర్చుని, నిలబడి, రెండు విధాల పట్టి చూడాలి. పట్టీతో నిలబడి చేతులు వదిలినప్పుడు దండి నేలవైపు వాలిపోతే, వాయించినంతసేపూ ఎడమచేయి దానిని మోయవలసి వస్తుంది. అటువంటిది వద్దు.

ఎడమచేతి వాటం పిల్లల కోసం తీగలు తిరగేసిన గిటార్లు దొరుకుతాయి కాని రకాలు తక్కువ. కొందరు ఎడమవాటం వారు కుడివాటం వాద్యానికే సులువుగా అలవాటు పడతారు. రెండూ పట్టించి, పిల్లల చేయి దేనికి ఒప్పుకుంటే దానినే కొనాలి.

చెవికి ఇంపు

పికప్‌లు ముఖ్యంగా రెండు రకాలు. ఒక్క చుట్టతో చేసినది సింగిల్ కాయిల్. దాని నాదం తేటగా, గంట మోగినట్లు ఉంటుంది. సినిమా పాటలలోని సున్నితమైన మీటులకు, భక్తిగీతాలకు తోడుగా వాయించే స్వరకూటాలకు ఇది ఇంపు. దీనికి ఒక లోపం ఉంది. ఇంటి కరెంటు సెకనుకు 100 సార్లు దిశ మార్చుకుంటుంది. ఆ ప్రభావాన్ని చుట్ట పట్టుకొని ‘హుమ్’ మనే రొదగా వినిపిస్తుంది. పాత ట్యూబులైటు చోకు, ఇన్వర్టరు దగ్గరలో ఉంటే రొద ఇంకా పెరుగుతుంది.

ఈ రొదను అణచడానికి గిబ్సన్ సంస్థలో సెత్ లవర్ 1955లో రెండు చుట్టలను ఎదురెదురుగా కలిపే పద్ధతిని రూపొందించాడు. రెండు చుట్టలు పట్టిన రొదలు ఒకదానినొకటి కొట్టివేసుకుంటాయి; తీగల నాదం మాత్రం నిలుస్తుంది. దీని పేరు హంబకర్. నాదం గుండ్రంగా, బరువుగా ఉంటుంది. రాక్ సంగీతానికి ఇది తగినది.

ఇంకా ఏ సంగీతం వాయిస్తారో తెలియని కొత్తవారికి మధ్యేమార్గం ఒకటుంది: గుర్రం దగ్గర ఒక హంబకర్, మిగిలిన రెండు చోట్ల సింగిల్ కాయిల్‌లు ఉన్న గిటారు. ఒకే వాద్యంతో ఆరాధనకు, ఆర్కెస్ట్రాకు, కళాశాల వేదికకు పని జరుగుతుంది.

వాద్యాన్ని సంగీతానికి తగినట్లు మలచుకోవడానికి తెలుగువారికి దూరపు ఉదాహరణ అక్కరలేదు. 1969లో పాలకొల్లులో జన్మించిన మాండొలిన్ యు. శ్రీనివాస్ ఎనిమిది తీగల వాద్యాన్ని అలాగే ఉంచుకోలేదు. జంట తీగలను విడిచి, అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతపు గమకాలను పలికించారు. 2014లో కన్నుమూసేనాటికి ఆ చిన్న వాద్యానికి కచేరీ వేదికపై స్థిరమైన స్థానం కల్పించారు. గిటారు మీద గమకాలు పలికించదలచిన పిల్లలకు పాఠం ఇందులోనే ఉంది: తీగను పక్కకు లాగి స్వరాన్ని ఊపవలసి ఉంటుంది కనుక సన్నని తీగలు, పొట్టి నిడివి వారికి మరింత అనుకూలం.

ఆంప్లిఫయర్, ఎర్తు

గిటారు సగం వాద్యమే. మిగిలిన సగం ఆంప్లిఫయర్. చర్చిలో, పెళ్లిపందిరిలో ఉండే మైకుసెట్టుకు నేరుగా కలిపితే నాదం పలుచగా, గీరినట్లు వస్తుంది. ఇంట్లో సాధనకు 10 వాట్ల ఆంప్లిఫయర్ చాలు. హెడ్‌ఫోను పెట్టుకొనే వీలున్నది తీసుకుంటే రాత్రి సాధనకు ఇరుగుపొరుగు నిద్ర చెడదు. కరెంటు నిలకడలేని ఊళ్లలో బ్యాటరీతో నడిచే చిన్న రకాలు మేలు.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. గిటారు ఉక్కు తీగలు గుర్రం ద్వారా, కేబులు ద్వారా ఆంప్లిఫయర్ లోహపు చట్రానికి కలిసి ఉంటాయి. ఆ చట్రం మూడవ పిన్ను ద్వారా నేలకు, అంటే ఎర్తుకు కలియాలి. ఎర్తు లేని ఇంట్లో ఆంప్లిఫయర్ లోపల చిన్న లోపం వచ్చినా కరెంటు తీగల మీదికే వస్తుంది. ఒక చేత తీగలు, మరొక చేత మైకు పట్టుకున్నవారికి ప్రాణాపాయం. 1972 మే నెలలో బ్రిటన్‌లోని స్వాన్సీ పట్టణంలో లెస్ హార్వే అనే గిటారు విద్వాంసుడు వేదికపైనే ఎర్తు సరిగా లేని మైకును తాకి మరణించాడు.

కావున మూడవ పిన్నును విరచడం, రెండు పిన్నుల అడాప్టరుతో సరిపెట్టడం చేయరాదు. ఇంటి ఎర్తు గుంత వేసవిలో ఎండిపోకుండా నీరు పోయాలి. ఎర్తు పనిచేస్తున్నదో లేదో ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించాలి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ బిగిస్తే ఇంటిల్లిపాదికీ రక్షణ. వాయించేటప్పుడు మైకును పెదవితోగాని తడిచేతితోగాని తాకకపోవడం మంచి అలవాటు.

సొమ్ముకు తగిన విలువ

ఇంట్లో ఇరవై వేల రూపాయలు సిద్ధం చేసుకున్నారనుకుందాము. మొత్తం గిటారు మీదనే పెట్టడం పొరపాటు. పన్నెండు పదమూడు వేలు గిటారుకు, నాలుగైదు వేలు ఆంప్లిఫయర్‌కు, మిగిలినది కేబులు, పట్టీ, సంచి, అదనపు తీగలు, నిపుణుని చేత ఒకసారి చేయించే సర్దుబాటు, వీటికి విభజించుకోవాలి. ఆ సర్దుబాటును అంగళ్లలో సెటప్ అంటారు. దండి వంపును లోపలి ఉక్కు కడ్డీతో సరిచేయడం, తీగల ఎత్తు తగ్గించడం, శ్రుతి కుదర్చడం అందులోని పనులు. సెటప్ చేసిన పన్నెండు వేల గిటారు, సెటప్ లేని పాతికవేల గిటారు కంటే చేతికి హాయిగా ఉంటుంది.

పేర్ల విషయంలో ఒక మాట. స్క్వయర్ అనేది ఫెండర్ వారి చౌక శ్రేణి పేరు. ఎపిఫోన్ అనేది గిబ్సన్ వారిది. యమహా వారి పసిఫికా వరుస కూడా కొత్తవారికి చిరకాలంగా పరిచితం. పెద్ద పేరు అచ్చువేసి అతి చవకగా వచ్చే గిటారు నకిలీ అయ్యే అవకాశమే ఎక్కువ. దానికంటే చిన్న పేరుతో నిజాయితీగా తయారైనది మేలు.

మొదటి గిటారుకు స్థిరమైన గుర్రమే మంచిది. తీగలను ఊపే కడ్డీతో, స్ప్రింగుల మీద తేలే గుర్రం కలవి చూపుకు ఆకర్షణీయమే. కాని ఒక తీగ తెగితే మిగిలిన అయిదింటి శ్రుతీ చెదురుతుంది. బాగుచేసేవారు దగ్గరలేని ఊరిలో అది తలనొప్పి.

మెట్ల పలకకు వాడే చెక్క గురించి కూడా వర్తకులు గొప్పలు చెబుతారు. రోజ్‌వుడ్ అన్నది మనకు పరాయి చెక్క కాదు. తెలుగువారు ఇరుగుడు, జిట్రేగి అనీ, కన్నడిగులు బీటె అనీ, తమిళులు ఈట్టి అనీ పిలిచే చెట్టే ఇండియన్ రోజ్‌వుడ్. 2017 జనవరిలో అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపార ఒప్పందం ఈ చెట్ల ప్రజాతి మొత్తంపై ఆంక్షలు పెట్టింది. 2019 నవంబరులో తయారైన వాద్యాలకు మినహాయింపు ఇచ్చింది. ఇండియన్ లారెల్ అన్న పేరుతో కొన్ని తక్కువ ధర గిటార్లకు వాడుతున్నది మన అడవుల నల్లమద్ది. రెండూ గట్టి చెక్కలే. ఈ పేరు కోసం అదనంగా సొమ్ము పెట్టనక్కరలేదు.

అంగట్లో చేయవలసిన పరీక్ష

యానాం వారికి కాకినాడ, హోసూరు, కోలారు వారికి బెంగళూరు దగ్గర. సిరోంచ వంటి చోట్లవారికి ఏ పెద్ద అంగడీ దగ్గర కాదు. వారు అంతర్జాలంలో కొనవలసి వస్తే, సరకు తిరిగి తీసుకొనే షరతులు ముందే చదువుకోవాలి. వచ్చిన రోజునే కింది పరీక్షలన్నీ చేయాలి. వాయించడం రానివారు సైతం ఇవి చేయగలరు.

1. బిరడాల వైపు నుండి దండి వెంబడి తుపాకి గురి చూసినట్లు చూడాలి. దండి మెలిక తిరిగి ఉంటే వదిలివేయాలి.

2. మొదటి మెట్టు వద్ద, చివరి మెట్టు వద్ద ఒకే తీగను నొక్కిపట్టి, ఏడవ మెట్టు దగ్గర చూడాలి. సన్నని కాగితాలు రెండు మూడు దూరేంత ఖాళీ ఉంటే దండి సరిగా ఉన్నట్లు.

3. దండి అంచుల వెంట అరచేతిని జార్చాలి. మెట్ల కొసలు గుచ్చుకోకూడదు.

4. ఆంప్లిఫయర్‌కు కలపకుండానే ప్రతి తీగను ప్రతి మెట్టు మీద నొక్కి మీటాలి. ఎక్కడైనా స్వరం చచ్చిపోయినా, గరగరలాడినా గుర్తుపెట్టుకోవాలి. సెటప్‌తో పోతుందని వర్తకుడు అంటే, అక్కడే పోగొట్టి చూపమనాలి.

5. సెల్‌ఫోనులోని ఉచిత ట్యూనర్‌తో శ్రుతి చేసి, పన్నెండవ మెట్టు మీద నొక్కి చూడాలి. విడి తీగ పలికిన స్వరమే పై స్థాయిలో కచ్చితంగా రావాలి.

6. అయిదు నిమిషాలు వాయించిన తరువాత మళ్లీ శ్రుతి చూడాలి. కొత్త తీగలు కొంత సాగుతాయి. కాని ప్రతి మీటుకు జారుతుంటే బిరడాలు మంచివి కావు.

7. చివరికి ఆంప్లిఫయర్‌కు కలిపి, ప్రతి మీటను, ప్రతి గుండీని తిప్పాలి. చిటపటలు, కేబులు కదిపినప్పుడు తెగిపోయే శబ్దం ఉండకూడదు.

వాడిన గిటారు కొనేవారు ఇవి కాక మెట్ల అరుగుదల చూడాలి. తీగల కింద లోతైన గాడులు పడి ఉంటే మెట్లు మార్చే ఖర్చును ధరలో తగ్గించమని అడగాలి. గీతలు, రంగు పోవడం మాత్రం లోపాలు కావు. అవి కొనేవారికి లాభం.

కొన్న తరువాత

సముద్రపు గాలి తగిలే యానాం, గోపాలపురం వంటి తీరపు ఊళ్లలో తీగలు త్వరగా తుప్పు పడతాయి. వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడిచి, సంచిలో సిలికా జెల్ పొట్లం వేసి ఉంచాలి. బళ్లారి, రాయచూరు వేసవిలో గాలి పొడిబారి చెక్క కుంచించుకుపోతుంది. మెట్ల కొసలు బయటికి పొడుచుకు వస్తాయి. రేకుల కప్పు కింద, ఎండ తగిలే గోడకు వాద్యాన్ని ఆనించరాదు. రోజూ వాయించేవారు రెండు మూడు నెలలకు ఒకసారి తీగలు మార్చడం మంచిది.

మొదటి నెల వేళ్లకు నొప్పి సహజం. ఆరు తీగలనూ అర స్వరం తగ్గించి శ్రుతి చేస్తే బిగువు దాదాపు 11 శాతం తగ్గుతుంది. రోజుకు పదిహేను ఇరవై నిమిషాల చొప్పున సాధన చేస్తే వేళ్ల కొసలు కొద్ది వారాలలో గట్టిపడతాయి. అప్పటికీ నొప్పి పోకపోతే పిల్లలను మందలించేముందు స్కేలు తీసుకొని పన్నెండవ మెట్టు దగ్గర తీగ ఎత్తు కొలవాలి. తప్పు పిల్లల వేళ్లలో కాక ఆ రెండు మరలలోనే ఉండవచ్చు.